బత్తాయి రసం కొలిచిన వారం

నేను రిటైర్ కాలేదు. నా వయసులో ఆ మాట వాడితే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. కానీ సైదాబాద్‌లో నేను పనిచేసిన టెస్టింగ్ ల్యాబ్ గురించి ఎవరైనా అడిగితే "అక్కడి నుంచి రిటైర్ అయ్యాను" అనే చెబుతాను. మానేశాను అంటే వెంటనే "ఎవరితో గొడవ పెట్టుకున్నావ్?" అంటారు. నా కోపం సంగతి అందరికీ తెలుసు మరి. నిజంగా గొడవేం లేదు. ఇంకో ఉద్యోగం దొరికింది, వెళ్ళిపోయాను. అంతే.

కెమిస్ట్రీ చదివి కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ మధ్య నాకు మెసేజ్‌లు పెడుతున్నారు. "అక్కా, టైట్రేషన్‌లో తప్పులు ఎక్కడెక్కడ వస్తాయి?" అని. పుస్తకంలో ఉంటాయి, చదువుకోండి అని కసిరేదాన్ని. పుస్తకంలో లేనిది ఒకటి ఉందని గుర్తొచ్చి ఇది రాస్తున్నాను. చదివాక అంతా స్పష్టమైపోతుందని మాత్రం అనుకోకండి. నాకే ఇంకా కాలేదు.

మా ల్యాబ్ ఒక మిఠాయి దుకాణం పైన ఉండేది. కింద నెయ్యి కాగితే పైన మాకు ఆకలేసేది. పనిచేసేవాళ్ళం ముగ్గురమే అనుకోండి. నేను. మా సీనియర్ మేడం. ఆవిడది గుంటూరు వైపు. పెళ్ళయి ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయినా మాట మారలేదు, గొంతు కూడా ఎప్పుడూ పెరగదు. నేను అరుస్తుంటే ఆవిడ ఇంకా మెల్లగా మాట్లాడేది, దాంతో నాకు ఇంకా మండేది. మూడో మనిషి రిసెప్షన్‌లో కూర్చునే భాయ్. శాంపిల్ ఎవరు తెచ్చినా ముందు భాయ్ చేతికే ఇవ్వాలి. ఆయన దాన్ని మా ల్యాబ్ సీసాలోకి ఒంపి, కోడ్ నంబర్ చిట్టీ అంటించి లోపలికి పంపుతాడు. తెచ్చిన డబ్బానో, సంచీనో అక్కడికక్కడే వాళ్ళకు తిరిగిచ్చేస్తాడు. కొలిచేవాళ్ళకి ఎవరి శాంపిలో తెలియకూడదని మా ఓనర్ సార్ పెట్టిన రూలు అది. మంచి రూలే. మమ్మల్ని ముంచింది కూడా అదే.

ఎండాకాలం మొదట్లో ఉప్పుగూడ నుంచి ఒక ఆంటీ వచ్చింది. రైల్వే స్టేషన్ దగ్గర బండి మీద బత్తాయి రసం అమ్మేది. ఆ బండిని రోడ్డు మీద ఒకచోట నిలవనిచ్చేవాళ్ళు కాదు, రెండు రోజులకోసారి ఎవరో ఒకరు వచ్చి తోసేసేవాళ్ళు. కంచన్‌బాగ్ వైపు ఒక కంపెనీ క్యాంటీన్‌కి రోజూ రసం పంపే అవకాశం వచ్చిందట. అది దొరికితే బండి అవసరం లేదు. ఇంట్లోనే నీడపట్టున ఆవిడా, ఆవిడ ఆడబిడ్డా కూర్చుని పిండుకోవచ్చు. కానీ క్యాంటీన్ వాళ్ళు విటమిన్ సి ఎంత ఉందో ల్యాబ్ రిపోర్ట్ కావాలన్నారు. వేర్వేరు రోజుల్లో తెచ్చిన మూడు శాంపిళ్ళు కొలవాలి, ఆ వారం చివరికల్లా కాగితం వాళ్ళ చేతిలో ఉండాలి.

"బిడ్డా, మంచిగ సూడు," అంది మొదటిరోజు నన్ను చూసి. "నా చేతిరసం ఎట్లుంటదో స్టేషన్ అంతా తెలుసు. గా కాగితంల గూడ రావాలె."

"ఉన్నదే వస్తది ఆంటీ, ఫికర్ చెయ్యకు," అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నా నంబర్ తీసుకుంది, నేను ఆవిడ నంబర్ సేవ్ చేసుకున్నాను. రూల్ ప్రకారం అది కూడా చెయ్యకూడదు. కానీ ఆ వారం మా ల్యాబ్‌కి వచ్చిన జ్యూస్ అదొక్కటే. కోడ్ పెట్టినా ఎవరిదో గుడ్డివాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

పని ఎలాగో రెండు ముక్కల్లో చెప్తాను. రసంలో కాస్త ఆమ్లం కలిపి, దాంట్లోకి బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టం నుంచి నీలం రంగు ద్రావణం చుక్కచుక్కగా వదలాలి. రసంలో విటమిన్ సి ఉన్నంతసేపు ఆ రంగు పడ్డది పడ్డట్టే మాయమైపోతుంది. విటమిన్ అయిపోయాక పడిన చుక్క మాయం కాదు, లేత గులాబీ రంగులో నిలిచిపోతుంది. అక్కడ ఆపాలి. గులాబీ ఆలస్యంగా నిలిస్తే విటమిన్ ఎక్కువ, తొందరగా నిలిస్తే తక్కువ.

మొదటి శాంపిల్‌కి గులాబీ ఎంతకీ నిలవలేదు. పోస్తున్నాను, పోస్తున్నాను, మింగేస్తోంది. లెక్క వేస్తే బత్తాయికి పుస్తకాల్లో రాసినదానికంటే ఎక్కువే వచ్చింది. వెంటనే ఆంటీకి ఫోన్ చేసి "ఆంటీ, సూపర్!" అన్నాను. మేడం కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువొస్తే సంతోషపడతావా, అనుమానపడతావా?"

"మంచి కాయలేమో మేడం."

"ఏమో మరి. ముందా ఫోన్ పక్కన పెట్టమ్మా. ఒక చేత్తో ఫ్లాస్కు, ఒక చేత్తో ఫోనూ. ఇక కళ్ళు దేనిమీద ఉంటాయి?"

రెండో శాంపిల్ వచ్చింది. గులాబీ తొందరగా నిలిచిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మొదటిరోజు కంటే బాగా తక్కువ. అప్పుడు నాకు నామీదే డౌటొచ్చింది. బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉందా అని చూశాను. లేదు. కన్ను గీతకి సమానంగా పెట్టానా? పెట్టాను. నీలం ద్రావణం పాతబడి బలం తగ్గిందేమోనని స్వచ్ఛమైన విటమిన్ సి తూచి, కరిగించి, దానితో సరిచూశాను. బాగానే ఉంది. పిప్పి పిపెట్‌కి అడ్డం పడుతోందేమోనని గుడ్డలో వడగట్టాను. తేడా లేదు. ట్యూబ్‌లైట్ కింద గులాబీ సరిగ్గా కనపడదేమోనని ఫోన్ టార్చ్ వేసి చూశాను. అప్పుడు గులాబీ ఇంకా ముందే కనపడినట్టు అనిపించింది, కంగారుపడి ఆర్పేశాను.

"బత్తాయిలే అలాంటివేమో," అంది మేడం. "నిన్నటి కాయలు వేరు, ఇవాళ్టివి వేరు."

"సగానికి పడిపోతదా మేడం?"

"పడిపోదు," అంది. ఆవిడ దగ్గర కూడా జవాబు లేదని తెలిసినప్పుడు నాకు ఇంకా కోపం వస్తుంది. ఆ కోపంలోనే ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, ఏమనుకోకు. నీళ్ళేమన్న కలుపుతున్నవా?"

ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. 

"ఏమంటున్నవ్? నీళ్ళా? నా రసంల నేను నీళ్ళు కలుపుతనా? ఐసు గూడ ఎయ్యలే, తెల్సా! గిలాసల పోసిస్తే చెంచా నిలబడతది నా రసంల!"

"గట్లైతే గిట్లెందుకొస్తది?"

"నాకేం తెల్సు? మిషిన్ నీది. సదువు నీది. నీళ్ళంట!"

అది మిషిన్ కాదు, గాజు గొట్టం అని చెప్పబోయాను. ఫోన్ కట్ అయింది.

మూడో శాంపిల్ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆంటీ నాతో మాట్లాడలేదు. భాయ్ చేతికి ఇచ్చేసి, బయట బెంచీ మీద గోడవైపు తిరిగి కూర్చుంది. నేను లోపల కొలిచాను. బ్యూరెట్ మర తిప్పీ తిప్పకముందే గులాబీ వచ్చి కూర్చుంది. ఇంత తక్కువ ఎప్పుడూ చూడలేదు. ఈసారి మేడం స్వయంగా చేసింది. నాకొచ్చిన నంబర్‌కీ ఆవిడకొచ్చిన నంబర్‌కీ తేడా లేదు. అంటే నా చెయ్యి కాదు, నా కన్ను కాదు. అయితే ఏంటి?

నేను బయటికి రాగానే ఆంటీ లేచి నిలబడింది. నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"మేడమూ," అంది. బిడ్డ అనడం మానేసింది. "మొదటిరోజు మంచిగొచ్చింది గదా. గది నువ్వే కొల్చినవ్ గదా. అబద్ధం కాదు గదా. గదే రాయి."

"గట్ల రాయరాదు ఆంటీ. మూడూ రాయాలె."

"మూడు రాస్తే క్యాంటీనోళ్ళు ఏమంటరు? ఈమె రోజురోజుకు నీళ్ళు కలిపింది అంటరు. నీలెక్కనే అంటరు."

భాయ్ మధ్యలో కలగజేసుకున్నాడు. "అరె అమ్మా, ఠండా పానీ తాగు. మేడం, తుమ్ భీ ఆవాజ్ జర తగ్గించు. కింద మిఠాయి గిరాకీ అంతా పైకి సూస్తుండ్రు."

నాకు ఆ మొదటి నంబర్ రాసేయాలనే అనిపించింది. దాచడం ఏముంది? నిజంగా వచ్చిన నంబరే. కానీ మేడం ఆ ముక్క వినగానే "అది అన్నిట్లోకీ అనుమానమైన నంబరమ్మా, దాన్నే ఎంచుకుంటావా?" అంది. మరి ఏది నమ్మాలి మేడం అంటే కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆంటీకి మాత్రం చెప్పింది: "రేపొక్కరోజు ఇంకో శాంపిల్ తీసుకురండి. డబ్బులేం ఇవ్వక్కర్లేదు. రేపు సాయంత్రం లోపు ఏదో ఒకటి తేల్చేస్తాం."

ఏదో ఒకటి అంటే ఏది? నాకు అర్థం కాలేదు. తేలకపోతే క్యాంటీన్ పోయినట్టే. ఆంటీ మళ్ళీ బండి తోసుకుంటూ స్టేషన్ దగ్గర నిలబడాల్సిందే.

మర్నాడు పొద్దున బస్సులో ఫోన్ చూస్తూ వస్తున్నాను. స్టేటస్‌లు ఒకదాని తర్వాత ఒకటి జరుపుతుంటే ఆంటీది వచ్చింది. ఫోటోలో ఆటో సీటు మీద ఒక చెంబు. మెరుస్తూ ఉంది, తీసినవాళ్ళ వేళ్ళు కూడా దాంట్లో కనపడుతున్నాయి. మూతి మీద తెల్లటి గుడ్డ కట్టి ఉంది. కింద "ల్యాబుకు పోతున్న, దేవుడా నువ్వే దిక్కు" అని రాసుంది. ఇలాంటి ఫోటోనే రెండు రోజుల ముందు కూడా పెట్టింది. దానికి నేను గుండె బొమ్మ కూడా పెట్టాను. ఎందుకు పెట్టానో గుర్తులేదు, వేలు దానంతట అదే పెట్టేస్తుంది.

ఈసారి వేలు ఆగిపోయింది. ఎర్రగా మెరుస్తోంది. రాగి.

ల్యాబ్ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. "భాయ్! ఉప్పుగూడ ఆంటీ రసం దేంట్ల తెస్తది?"

"చెంబుల," అన్నాడు భాయ్ పేపర్ చదువుతూ. "మస్తు మెరుస్తది. రోజురోజుకు ఇంకా మెరుస్తుండె. మా ఇంట్ల పెండ్లికి గూడ గంత తోమలే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్ అడిగినవా? కోడ్ పెట్టినంక నోరు తెర్వొద్దని సార్ చెప్పిండు. తెర్వలే. బస్."

ఆయన్ని ఏమనాలి? ఆయన రూల్ పాటించాడు. ఆ ఒక్క విషయంలో నేను కూడా రూల్ పాటించాను. రాగి తగిలితే విటమిన్ సి గబగబా పాడైపోతుందని చదువుకున్నదే, పరీక్షలో రాసిందే. మా గాజు సీసాలోకి వచ్చాక మాత్రం అది ఏ పాత్రలోంచి వచ్చిందని ఎవరం అడగలేదు. దానికితోడు ఉప్పుగూడ నుంచి ఎండలో ప్రయాణం, రిసెప్షన్‌లో మా భోజనాలయ్యేదాకా ఎదురుచూపులు.

ఆంటీ వచ్చింది, చెంబు చీర కొంగులో పట్టుకుని. మేడం గుడ్డ విప్పమంది.

"రాగిలో పులుపు పోశారేంటండీ?" అంది మేడం, ఎప్పటిలాగే మెల్లగా.

ఆంటీకి రోషం వచ్చింది. "నాకు తెల్వదా అమ్మా పులుపు రాగిల పొయ్యొద్దని? లోపల కళాయి ఉన్నది. మా అత్త దీంట్లనే చారు కాచేది. ఎవ్వరికేం కాలే."

నేను రసం బీకరులోకి ఒంపేసి చెంబులోకి ఫోన్ టార్చ్ వేశాను. ఈసారి మేడం ఫోన్ పక్కన పెట్టమనలేదు. కళాయి అంటే లోపల అంతా తెల్లటి తగరం పూత ఉండాలి. అంచుల్లో ఉంది. నడుము దగ్గర మచ్చలు మచ్చలుగా ఉంది. అడుగున అరచెయ్యంత మేర పూతే లేదు, ఎర్రటి రాగి బయటపడి తళతళలాడుతోంది.

"ఆంటీ, దీన్ని దేంతోని తోమినవ్?"

"చింతపండు, ఉప్పు. తర్వాత స్టీలు పీచు." కొంగుతో చెంబు అంచు తుడుస్తూ చెప్పింది. "మొదటిరోజు ఊకె కడిగిన. నువ్ సూపర్ అన్నంక, ఇంకా మంచిగ రావాలని రెండోరోజు పీచుతోని తోమిన. నువ్ నీళ్ళు కలిపినవా అన్నంక, చెంబు మురికుందేమో, దాని వల్లనే గట్లొస్తున్నదేమో అని లోపల బయట గట్టిగ రుద్దిన. నిన్న ఇంకా గట్టిగ రుద్దిన. ఇయ్యాల నా ఆడబిడ్డ గూడ రుద్దింది."

అంటే నేను మెచ్చుకుంటే ఆవిడ తోమింది, కసిరినకొద్దీ ఇంకా తోమింది. తోమినకొద్దీ కళాయి పోయింది. కళాయి పోయినకొద్దీ నంబర్ పడింది. పడినకొద్దీ నేను కసిరాను. ఎవరి మీద అరవాలో తెలియక ఆ చెంబు వంకే చూస్తూ నిలబడిపోయాను.

మేడం మాత్రం అప్పటికే, దారిలో విటమిన్ పాడవకుండా పట్టి ఉంచడానికి ఒక సీసాలో ఆమ్లం పోసి బిరడా బిగించింది. "ఆవిడతో వెళ్ళు. అక్కడే పిండించి, పిండిన వెంటనే దీంట్లో కలిపి పట్టుకురా. దారిలో ఎక్కడా ఆగకు."

ఆటోలో ఇద్దరం ఒకే సీటు మీద కూర్చున్నాం, మధ్యలో ఖాళీ చెంబు.  సైదాబాద్ దాటాక ఆంటీ "ఫోన్ల ఏం సూస్తున్నవ్?" అంది. "ఏం లేదు," అన్నాను. నిజంగానే ఏం లేదు. ఊరికే పట్టుకున్నాను.

వాళ్ళ ఇల్లు ఉప్పుగూడ పట్టాల పక్క సందులో. ఆడబిడ్డ గుమ్మంలో కూర్చుని బత్తాయి తొక్కలు ఏరుతోంది. గదిలో ఒక మూల పొడవాటి స్టీలు క్యాన్ ఉంది, మూత ఒకపక్క సొట్టపోయింది.

"గిదేంది?"

"బండి మీద రోజూ గిదే. రసమంతా దీంట్లనే పోస్తం. క్యాంటీన్‌కి గూడ దీంట్లనే పంపుదమనుకున్న."

"మరి ల్యాబ్‌కి దీంట్లనే తేవద్దా ఆంటీ?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "సొట్టల క్యాన్ పట్టుకొని ల్యాబ్‌కొస్తరా ఎవరన్న? సదువుకున్నోళ్ళు కూసునే జాగ. గందుకే అటక మీదికెల్లి మంచి చెంబు దించిన."

నేను సీసా బయటికి తీసి, ఇక పిండమన్నాను. 

పిండింది. సొట్టల క్యాన్‌లోంచి తీసుకుని వెంటనే ఆమ్లంలో కలిపాను. ఆటో వాణ్ణి తొందర చేసి ఒకసారి తిట్టు కూడా తిన్నాను. ల్యాబ్‌లో మేడం ఒక ఫ్లాస్కు, నేను ఒక ఫ్లాస్కు విడివిడిగా కొలిచాం. గులాబీ తీరిగ్గా, సరైన చోట నిలిచింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది. పుస్తకంలో బత్తాయికి ఎంత ఉండాలో అంతే. గాజు తలుపు అవతల ఆంటీ రెండు చేతులూ చెంబు మీద పెట్టుకుని చూస్తోంది. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. ఆవిడకి నమ్మకం కలగలేదు. బయటికొచ్చి నోటితో చెప్పాల్సి వచ్చింది.

రిపోర్ట్ దగ్గర మళ్ళీ గొడవ. ఈసారి నాకూ మేడంకీ. పాత మూడూ కొట్టేసి ఇదొక్కటే రాద్దాం, అవి చెంబు నంబర్లు, రసం నంబర్లు కావు అని నేను. "వచ్చినవన్నీ రాద్దాం. ఎందుకలా వచ్చాయో కూడా పక్కనే రాద్దాం," అని ఆవిడ. నేను అరిచాను, ఆవిడ ఇంకా మెల్లగా మాట్లాడింది, ఎప్పటిలాగే ఆవిడ మాటే నెగ్గింది. "ఇవి కళాయి పోయిన రాగి పాత్రలో తెచ్చినవి, ఇది స్టీలు పాత్రలోంచి వెంటనే ఆమ్లంలో కలిపినది" అని నాలుగు నంబర్లతో కాగితం వెళ్ళింది. క్యాంటీన్ ఇన్‌చార్జ్ ల్యాబ్‌కి ఫోన్ చేసి "ఈ చెంబు గొడవేందమ్మా?" అని అడిగాడు. మేడం చాలాసేపు వివరించింది. ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు. కానీ చివరికి "స్టీలు క్యాన్‌లనే పంపుతదా, లేదా? గది చెప్పండి," అన్నాడు. పంపుతుందని చెప్పింది. ఒక నెల చూద్దామన్నాడు. ఆ నెల అయిపోయింది, ఇంకా పంపుతూనే ఉంది. బండి అమ్మేసింది.

ఆ తర్వాత మా రిసెప్షన్‌లో భాయ్ టేబుల్ మీద ఆమ్లం పోసిన సీసాలు పెట్టించాం. శాంపిల్ దేంట్లో తెచ్చారో కూడా భాయ్ చిట్టీ మీద రాయాలి. ఆయన ఒకసారి "పాలిథిన్ సంచీ, దానిమీద సినిమా హీరో" అని కూడా రాశాడు.

ఇక మొదటి నంబర్. పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువ వచ్చింది చూశారూ, అది ఎందుకొచ్చింది? కళాయి తగరం కొంచెం రసంలో కరిగి, అది కూడా మా నీలం రంగును మింగి విటమిన్‌లా నటించిందేమో అంది మేడం. అయి ఉండవచ్చు. లేదా ఆ రోజు నేను ఫోన్ చూస్తూ రెండు చుక్కలు ఎక్కువ వదిలానేమో. లేదా నిజంగానే మంచి కాయలేమో. ఆ రసం పారబోసేశాం. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మీరు అడిగిన ప్రశ్నకి పూర్తి జవాబు నా దగ్గర లేదన్నది ఇందుకే.

మొన్న ఆంటీ స్టేటస్ చూశాను. ఆటో వెనక సీటు మీద స్టీలు క్యాన్. సొట్ట అలాగే ఉంది కానీ మిగతాదంతా అద్దంలా మెరుస్తోంది. గుండె బొమ్మ పెట్టబోయి, ఆపి, ఫోన్ చేశాను.

"ఆంటీ, దాన్ని గూడ రుద్దుతున్నవా?"

"రోజూ రుద్దుత బిడ్డా. స్టీలుకి ఏం గాదు గదా?"

"ఏం గాదు ఆంటీ," అన్నాను గట్టిగా.

ఫోన్ పెట్టేశాక మాత్రం అనుమానం మొదలైంది. మేడంకి మెసేజ్ పెట్టాను: "మేడం, స్టీలుకి ఏం కాదు కదా?"

చూసింది. టైప్ చేస్తోంది అని కనపడింది. ఆగింది. మళ్ళీ టైప్ చేస్తోంది.